ఈ-ఇన్వాయిస్, లెక్కల ఆటోమేషన్: హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో అవరోధాలు

కంప్యూటర్లో టైపు చేసి, పీడీఎఫ్‌గా మార్చి, మెయిల్లో పంపిన ప్రతి బిల్లూ ఈ-ఇన్వాయిస్ అయిపోదు. అమ్మకందారు తన బిల్లు వివరాలను ప్రభుత్వం నిర్ణయించిన నమూనాలో నమోదు పోర్టల్‌కు పంపాలి. పోర్టల్ వాటిని సరిచూసి 64 అక్షరాల గుర్తింపు సంఖ్యను, డిజిటల్ సంతకమున్న క్యూఆర్ కోడ్‌ను తిరిగిస్తుంది. ఆ సంఖ్యనే వాడుకలో ఐఆర్ఎన్ అంటారు. ఈ నిబంధన పరిధిలోకి వచ్చిన వ్యాపారి ఐఆర్ఎన్ లేకుండా ఇచ్చిన కాగితం, కేంద్ర జీఎస్టీ నియమాల్లోని 48(5) ప్రకారం, అసలు ఇన్వాయిస్ కిందికే రాదు. దాని మీద కొనుగోలుదారుకు, కట్టిన పన్నును తన పన్నులో సర్దుకునే ఇన్‌పుట్ క్రెడిట్ దక్కడమూ కష్టమే.

చదవడానికి ఇది సులువుగానే ఉంటుంది. ఆచరణలో ఎక్కడ చిక్కుపడుతుందో చూడటానికి నల్లగండ్ల మంచి చోటు. శేరిలింగంపల్లి మండలంలో, తెల్లాపూర్‌కూ గోపన్‌పల్లికీ పక్కనే, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి దగ్గర్లో ఉన్న ఈ పాత ఊరు ఇప్పుడు అపార్ట్‌మెంట్ల పేట. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి. ఆ కార్యాలయాల్లో పనిచేసేవాళ్లతో పాటు, వాటికి క్యాబ్‌లు నడిపేవాళ్లు, భోజనాలు పంపేవాళ్లు, సెక్యూరిటీ గార్డులను, హౌస్‌కీపింగ్ మనుషులను సమకూర్చేవాళ్లు, ఇంటీరియర్ పనులు చేసే కాంట్రాక్టర్లు ఈ చుట్టుపక్కల నుంచే వ్యాపారం సాగిస్తారు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి ఈ కారిడార్ ప్రపంచానికి లెక్కల సాఫ్ట్‌వేర్ రాసిస్తోంది, విదేశీ కంపెనీల బిల్లులు చూసిపెడుతోంది. శశి నరహరి 2006లో స్థాపించిన హైరేడియస్ ఇందుకు తగిన ఉదాహరణ. ప్రధాన కార్యాలయం అమెరికాలోని హ్యూస్టన్‌లో ఉన్నా, పెద్ద కంపెనీలకు రావలసిన బాకీల వసూళ్లను ఆటోమేట్ చేసే దాని సాఫ్ట్‌వేర్‌లో హైదరాబాద్ ఇంజినీర్ల పాలూ ఉంది. అలాంటి ఊళ్లోనే, అలాంటి కార్యాలయాలకే సేవలందించే చిన్న సంస్థ బిల్లు నేటికీ చాలా చోట్ల ఎక్సెల్‌లో తయారై, కాగితంపై అచ్చయి, ముద్ర వేయించుకుని, అవతలి పక్క మళ్లీ చేత్తో టైపవుతుంది.

గీత దిగివచ్చిన తీరు

జీఎస్టీ 2017 జులై 1న మొదలైంది. ఈ-ఇన్వాయిస్‌కు జీఎస్టీ మండలి 2019లో ఆమోదం తెలిపింది. 2020 ఏప్రిల్‌లో అమలు చేయాలనుకున్నా, వాయిదా పడి అక్టోబరు 1న మొదలైంది. అప్పుడు రూ.500 కోట్లు దాటిన టర్నోవరున్న సంస్థలకే అది తప్పనిసరి. అంత పెద్ద సంస్థలు సైతం తొలి నెలలో తడబడ్డాయి. అక్టోబరు బిల్లులకు ఐఆర్ఎన్ తీసుకోవడానికి ప్రభుత్వం 30 రోజుల వెసులుబాటు ఇవ్వాల్సి వచ్చింది. ఆ తర్వాత ఈ టర్నోవరు గీత వరసగా కిందికి దిగింది: 2021 జనవరిలో రూ.100 కోట్లు, ఏప్రిల్‌లో 50 కోట్లు, 2022 ఏప్రిల్‌లో 20 కోట్లు, అక్టోబరులో 10 కోట్లు, 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లు.

మొదటి మెట్టు నుంచి చివరి మెట్టుకు మూడేళ్లయినా పట్టలేదు. రూ.500 కోట్ల కంపెనీకి పన్ను విభాగం ఉంటుంది, ఈఆర్‌పీ ఉంటుంది, సలహాదారులుంటారు. రూ.5 కోట్ల సంస్థకు ఉండేది యజమాని, ట్యాలీ, వారానికి రెండుసార్లు వచ్చిపోయే అకౌంటెంటు. నియమం మాత్రం ఇద్దరికీ ఒక్కటే.

ఈ 5 కోట్ల గీత దగ్గర భారాలన్నీ ఒకేసారి మీద పడటం మొదటి అవరోధం. గీత లోపలున్న వ్యాపారి మూడు నెలలకోసారి రిటర్నులు వేసే పద్ధతిని ఎంచుకోవచ్చు, సరుకు, సేవల రకాన్ని తెలిపే నాలుగంకెల హెచ్‌ఎస్ఎన్ కోడ్‌తో సరిపెట్టుకోవచ్చు. దాటాక నెలనెలా రిటర్నులు, ఆరంకెల కోడ్, ప్రతి వ్యాపార బిల్లుకూ ఐఆర్ఎన్ మీద పడతాయి. పైగా ఈ-ఇన్వాయిస్ గీతను ఒకసారి దాటితే వెనక్కి రావడం లేదు. 2017-18 నుంచి ఏ ఒక్క ఆర్థిక సంవత్సరంలోనైనా పాన్ మొత్తం మీద టర్నోవరు పరిమితి మించితే చాలు, తర్వాత ఎంత తగ్గినా నిబంధన వర్తిస్తుంది. ఐటీ కారిడార్‌కు ఇది మరీ కష్టమైన నియమం. 2020 మార్చిలో కార్యాలయాలు మూతపడి ఉద్యోగులు ఇళ్ల నుంచి పనిచేయడం మొదలుపెట్టాక క్యాబ్ యజమానులు, క్యాంటీన్ నిర్వాహకులు ఒక్కసారిగా చితికిపోయారు. 2018-19లో వాళ్లు చేసిన పెద్ద వ్యాపారమే 2023లో వాళ్లను ఈ పరిధిలోకి లాగింది.

బిల్లును ఖరారు చేసేది ఎవరు

అవరోధాల గురించి మాట్లాడేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఖర్చును ముందు చెప్పడం అలవాటు. నిజానికి ఖర్చు అసలు కారణం కాదు. జాతీయ సమాచార కేంద్రం తన పోర్టల్‌తో పాటు ఎక్సెల్ ఆధారిత ఉపకరణాన్ని ఉచితంగానే ఇస్తోంది. ట్యాలీ, జోహో బుక్స్, బిజీ వంటి మామూలు ప్యాకేజీల్లోనే ఐఆర్ఎన్ తీసుకునే వీలుంది. అసలు చిక్కు బిల్లు స్వభావంలో ఉంది. బిల్లు పుట్టగానే నమోదు కావాలంటుంది చట్టం. ఐటీ కారిడార్‌లో చిన్న సరఫరాదారు బిల్లు మాత్రం కొనుగోలుదారు ఒప్పుకునేదాకా పుట్టినట్టే కాదు.

ఉద్యోగులను రాత్రి షిఫ్టులకు చేరవేసే క్యాబ్ యజమాని లెక్క ట్రిప్ షీట్లతో మొదలవుతుంది. ఎన్ని కిలోమీటర్లు, ఎవరు ఎక్కడ ఎక్కారు, రాకుండా పోయిన ఉద్యోగి కోసం బండి ఎంతసేపు ఆగింది, ఔటర్ రింగ్ రోడ్డు టోలు ఎవరి ఖాతాలోకి, ఆలస్యానికి కోత ఎంత అన్నవి నెలాఖరున రెండు పక్షాలూ కూర్చుని తేల్చుకోవాలి. ఇంటీరియర్ కాంట్రాక్టరుది రన్నింగ్ బిల్లు. సైటు ఇంజినీరు కొలతలు తీసి సంతకం పెడితేనే మొత్తం తేలుతుంది. క్యాంటీన్ నిర్వాహకుడి బిల్లు ప్లేట్ల లెక్క మీద ఆగుతుంది. ఇలాంటి చోట అమ్మకందారు ముందుగా ప్రొఫార్మా పంపి, అవతలివాళ్లు సరేనన్నాకే పన్ను ఇన్వాయిస్ ఇవ్వడం ఆనవాయితీ.

ఈ-ఇన్వాయిస్‌లో ఆ వెసులుబాటు చాలా తక్కువ. ఐఆర్ఎన్ వచ్చాక పోర్టల్‌లో రద్దు చేసుకోవడానికి 24 గంటలే గడువు, అది కూడా పూర్తి బిల్లునే. ఒక అంకె సవరించే వీలు అక్కడ లేదు. గడువు దాటితే క్రెడిట్ నోటు ఇవ్వాలి, లేదా జీఎస్టీఆర్-1 అనే అమ్మకాల రిటర్నులో దిద్దుకోవాలి. రద్దయిన బిల్లు నంబరును మళ్లీ వాడకూడదు. కొనుగోలుదారు కార్యాలయంలో బిల్లు పరిశీలనకే వారం పది రోజులు పట్టే చోట 24 గంటల గడువు ఏ మూలకు వస్తుంది? క్రెడిట్ నోట్లు పెరిగేకొద్దీ, ఎప్పుడూ తప్పులు చేసే సరఫరాదారు అన్న పేరు పడుతుందేమోనని చిన్నవాళ్లకు భయం. అందుకే అవతలి నుంచి మెయిల్ వచ్చేదాకా ఐఆర్ఎన్ జోలికి వెళ్లరు. ఇటు గడువు తరుముకొస్తుంది. పాత బిల్లును 30 రోజులు దాటాక పోర్టల్ తీసుకోదన్న నియమం 2023 నవంబరులో రూ.100 కోట్ల సంస్థలకు, 2025 ఏప్రిల్ 1 నుంచి రూ.10 కోట్ల సంస్థలకు వర్తించింది.

ఈ జాప్యం వెనక డబ్బు లెక్క కూడా ఉంది. మనుషులను సమకూర్చే ఒక సంస్థ మార్చి 31న రూ.10 లక్షలకు బిల్లు వేసిందనుకుందాం. 18 శాతం జీఎస్టీ రూ.1.80 లక్షలు. నెలవారీ రిటర్ను వేసే సంస్థ అయితే ఏప్రిల్ 20లోగా అది ఖజానాకు చేరాలి. కొనుగోలుదారు 60 రోజులకు చెల్లించే ఒప్పందమైతే సొమ్ము మే నెలాఖరుకు వస్తుంది. ఈ సంస్థ ప్రధాన ఖర్చు జీతాలు. జీతాల మీద జీఎస్టీ ఉండదు కాబట్టి సర్దుకోవడానికి ఇన్‌పుట్ క్రెడిట్ కూడా పెద్దగా ఉండదు. అంటే ఇంకా చేతికి రాని డబ్బు మీద పన్నును యజమాని తన జేబులోంచి, లేదా ఓవర్‌డ్రాఫ్టు నుంచి కడతాడు. బిల్లు తేదీని వారం ముందుకో వెనక్కో జరుపుకోగలగడమే చాలా ఏళ్లు అతనికి మిగిలిన ఏకైక రక్షణ. నమోదు పోర్టల్ వచ్చి ఆ రక్షణను తీసేసింది. అతని వెనకాడటాన్ని సాంకేతికతకు ఎదురుతిరగడంగా చూడటం అన్యాయం.

చట్టంలో దీనికి మందు లేకపోలేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం చిన్న సంస్థలకు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలంటుంది. ఆదాయ పన్ను చట్టంలోని 43బి(హెచ్) వల్ల, సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోగా చెల్లించని మొత్తాన్ని కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపుకోలేడు. ఇది 2024-25 మదింపు సంవత్సరం నుంచి అమల్లోకి వచ్చింది. అయితే గడువు లెక్క సరుకును లేదా సేవను కొనుగోలుదారు ఒప్పుకున్న రోజుతో ముడిపడి ఉండటంతో మళ్లీ మొదటి ప్రశ్నకే వస్తాం: ఒప్పుకున్నట్టు ఎప్పుడు?

చిన్న తప్పు, ఆగిన బిల్లు

సొమ్ము సంగతి తర్వాత వచ్చేది సమాచారపు శుభ్రత. కాగితం బిల్లులో చిన్న పొరపాట్లను మనిషి అర్థం చేసుకుంటాడు, పోర్టల్ చేసుకోదు. బిల్లు నంబరు 16 అక్షరాలు మించకూడదు. సున్నాతో మొదలు కాకూడదు. బిల్లు పుస్తకాన్ని 001తో మొదలుపెట్టడం తరాల అలవాటు, పోర్టల్ మాత్రం దాన్ని తిప్పి పంపేస్తుంది. 2025 జూన్ నుంచి నంబరులోని చిన్న, పెద్ద ఇంగ్లిష్ అక్షరాలను పోర్టల్ ఒకటిగానే చూస్తోంది. రెండు శాఖలకు అక్షరం పరిమాణంతో తేడా చూపుకున్నవాళ్లకు డూప్లికేట్ ఐఆర్ఎన్ సందేశం ఎదురవుతుంది.

రాష్ట్ర విభజన ఇందులో తన చిక్కులు తాను చేర్చింది. జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలు రాష్ట్ర సంకేతం: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37, ఉమ్మడి రాష్ట్రానిది 28. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ శాఖలున్న సంస్థ ఒక్క అంకె పొరపడితే రాష్ట్రం లోపలి పన్ను కాస్తా అంతర్రాష్ట్ర పన్ను అవుతుంది. పిన్ కోడ్ చూసి రాష్ట్రాన్ని గుర్తించే సాఫ్ట్‌వేర్‌కు పోలవరం ముంపు మండలాలు మినహాయింపుగా నేర్పాలి. 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లిన చింతూరు వంటి చోట్ల పిన్ కోడ్ తెలంగాణ వరసలోని 507తోనే మొదలవుతుంది.

ఐటీ కారిడార్‌కే ప్రత్యేకమైన చిక్కు మరొకటి, ప్రత్యేక ఆర్థిక మండళ్లు (సెజ్‌లు). సెజ్‌లోని యూనిట్లు తాము ఇచ్చే బిల్లులకు ఈ-ఇన్వాయిస్ తీసుకోనక్కర్లేదు. వాటికి సేవ అందించే బయటి సంస్థ మాత్రం తీసుకోవాలి, ఆ బిల్లును సెజ్ సరఫరా కింద వేరుగా గుర్తించాలి. ఒకే ఐటీ పార్కులో ఒక భవనం సెజ్ పరిధిలో, పక్క భవనం బయట ఉండొచ్చు. భోజనాలు రెంటికీ ఒకే బండిలో వెళ్తాయి, బిల్లులు రెండు దారుల్లో వెళ్లాలి.

రివర్స్ చార్జ్ సేవలు ఇంకో తికమక. కంపెనీ వంటి బాడీ కార్పొరేట్ కాని క్యాబ్ యజమాని 5 శాతం పద్ధతిలో ఒక కంపెనీకి బండ్లు అద్దెకిస్తే, 2019 అక్టోబరు నుంచి పన్ను కట్టాల్సింది ఆ కంపెనీయే. బాడీ కార్పొరేట్ కాని సంస్థ ఇచ్చే సెక్యూరిటీ సేవలకు ఇదే పద్ధతి అదే ఏడాది జనవరి నుంచి ఉంది. పన్ను తాను కట్టనప్పుడు ఈ-ఇన్వాయిస్ ఎందుకన్నది సహజమైన సందేహం. పరిధిలోకి వచ్చినవాడైతే కావాల్సిందే, బిల్లులో రివర్స్ చార్జ్ గుర్తు పెట్టి మరీ.

అందుకునే వైపు

ఈ-ఇన్వాయిస్ వచ్చాక కొనుగోలుదారు కార్యాలయంలో చేతిపని తగ్గుతుందని అందరూ ఆశించారు. పన్ను వైపు తగ్గింది కూడా. ఐఆర్ఎన్ వచ్చిన బిల్లు అమ్మకందారు జీఎస్టీఆర్-1లోకి తనంతట తానే చేరుతుంది, అక్కడి నుంచి కొనుగోలుదారు క్రెడిట్ పట్టిక అయిన జీఎస్టీఆర్-2బీలో కనిపిస్తుంది. 2024 అక్టోబరులో వచ్చిన ఇన్వాయిస్ నిర్వహణ వ్యవస్థలో కొనుగోలుదారు ఒక్కో బిల్లును ఒప్పుకోవచ్చు, తిరస్కరించవచ్చు, ఆపి ఉంచవచ్చు.

చెల్లింపు వైపు కథ వేరు. బిల్లు పాస్ కావాలంటే కొనుగోలుదారుకు పర్చేజ్ ఆర్డర్ నంబరు కావాలి, పని పూర్తయిందన్న రుజువు కావాలి. ప్రభుత్వ నమూనాలో ఆర్డర్ నంబరుకు చోటుంది గానీ తప్పనిసరి కాదు. పెద్ద కంపెనీలు ఒక్కొక్కటీ ఒక్కో వెండర్ పోర్టల్ నడుపుతాయి. సంతకమైన ఎలక్ట్రానిక్ ఫైలు చేతిలో ఉండగానే సరఫరాదారు అవే అంకెలను నాలుగు కంపెనీల పోర్టళ్లలో నాలుగు రకాలుగా నింపి, పీడీఎఫ్ జత చేస్తాడు. కొన్ని చోట్ల ముద్ర, సంతకం లేదని ఆ పీడీఎఫ్‌ను వెనక్కి పంపేస్తారు. ఎలక్ట్రానిక్ ఇన్వాయిస్‌కు సంతకం అక్కర్లేదని జీఎస్టీ నియమాలు ఎప్పుడో చెప్పినా కార్యాలయాల్లోని చెక్‌లిస్టులు మారలేదు. ఈ ఒక్క విషయంలో తప్పు పూర్తిగా పెద్దవాళ్లదే. మార్చుకోవడానికి వాళ్లకయ్యే ఖర్చు కూడా అతి తక్కువ.

డబ్బు వచ్చాక మరో పజిలు. రూ.1 లక్ష పనికి జీఎస్టీతో రూ.1,18,000 బిల్లు. 2 శాతం టీడీఎస్ అసలు మొత్తం మీద కోస్తే బ్యాంకులో పడేది రూ.1,16,000. మూడు బిల్లుల సొమ్ము కలిపి, మధ్యలో ఒక కోత పెట్టి, ఒకే నెఫ్ట్‌లో వేస్తే ఏ బిల్లుకు ఎంతన్నది ఏ సాధారణ ప్యాకేజీకీ దానంతట అది తెలియదు. పెద్ద కంపెనీలు సరిగ్గా ఈ పనికే ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొంటాయి. చిన్న సంస్థ ఫోన్ చేసి అడిగి తెలుసుకుంటుంది.

మనుషులు, పాస్‌వర్డులు

చిన్న సంస్థల లెక్కలు చాలావరకు ఇంకొకరి చేతుల్లో ఉంటాయి. నెలంతా బిల్లులు, వోచర్లు ఒక సంచిలో చేరి, రిటర్ను గడువుకు ముందు ఆడిటరు గారి ఆఫీసుకు వెళ్తాయి. ట్యాలీ ఎంట్రీలు అప్పుడే పడతాయి. నెలాఖరుకు లెక్క రాసుకునే ఈ పద్ధతిలో బిల్లు ఇచ్చేటప్పుడే నమోదు చేయడమన్నది ఇమడదు. అంటే బిల్లు రాసే మనిషి సంస్థలోనే రోజూ ఉండాలి. ఆ జీతం సాఫ్ట్‌వేర్ చందా కంటే చాలా ఎక్కువ.

రెండంచెల భద్రత 2025 ఏప్రిల్ నుంచి ఈ-ఇన్వాయిస్, ఈ-వే బిల్ పోర్టళ్లు వాడే అందరికీ తప్పనిసరైంది. మంచి ఏర్పాటే. కానీ ఏళ్ల తరబడి ఒకే పాస్‌వర్డును యజమాని, అకౌంటెంటు, కన్సల్టెంటు పంచుకున్న చోట ఓటీపీ యజమాని ఫోనుకు వస్తుంది, ఆయన సైట్లో ఉంటాడు. ఒక్కొక్కరికీ విడి లాగిన్ ఇచ్చే వీలు పోర్టల్‌లో ఉంది. ఇవ్వడానికి వెనకాడటానికి కారణం నమ్మకం.

నమ్మకం మాట వస్తే కంపెనీల చట్టం కింద వచ్చిన ఎడిట్ లాగ్ నిబంధననూ చెప్పుకోవాలి. కంపెనీగా నమోదైన ప్రతి సంస్థా 2023 ఏప్రిల్ 1 నుంచి, ఎవరు ఏ ఎంట్రీని ఎప్పుడు మార్చారో చెరగకుండా దాచే సాఫ్ట్‌వేర్‌నే వాడాలి. ఆడిటరు దాని మీద నివేదిక ఇవ్వాలి. పాత తేదీతో ఎంట్రీ వేసి సర్దుకోవడానికి అలవాటుపడినచోట ఆటోమేషన్ వద్దనడానికి ఇదే అసలు కారణం, పైకి చెప్పేది మరొకటైనా.

ఎడిట్ లాగ్ ఎందుకు కావాలో హైదరాబాద్‌కు చెప్పాల్సిన పని లేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు రామలింగరాజు లేఖతో బయటపడిన కుంభకోణంలో నకిలీ అమ్మకాల బిల్లులు పుట్టింది చేతిరాత పుస్తకాల్లో కాదు, ఆ కంపెనీ సొంత కంప్యూటర్ ఇన్వాయిస్ వ్యవస్థలో. దర్యాప్తు సంస్థలు గుర్తించిన నకిలీ ఇన్వాయిస్‌లు 7,561. ప్రత్యేక అధికారమున్న లాగిన్లతో వాటిని సృష్టించి, మామూలు సిబ్బందికి కనబడకుండా దాచారు. సంస్థ లోపల ఆటోమేషన్ ఎంత ఉన్నా, బిల్లుకు బయట సాక్షి లేకపోతే ఏమవుతుందో అక్కడ తేలింది. ఐఆర్ఎన్ ఆ బయటి సాక్షి. దాని హద్దును కూడా మరవకూడదు: అమ్మకందారు జీఎస్టీ నంబరు, ఆర్థిక సంవత్సరం, పత్రం రకం, బిల్లు నంబరు కలిపి ఆ 64 అక్షరాలు తయారవుతాయి. పని నిజంగా జరిగిందా అని పోర్టల్ అడగదు.

ఇతర దేశాలు, ముందున్న మార్పులు

ఈ దారిలో ముందు నడిచినవి లాటిన్ అమెరికా దేశాలు. చిలీ 2003లోనే మొదలుపెట్టింది, బ్రెజిల్, మెక్సికో తర్వాత చేరాయి. ఇటలీ 2019 జనవరి 1 నుంచి దాదాపు వ్యాపారాలన్నింటికీ ఒకేసారి తప్పనిసరి చేసింది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉద్యోగాలు, వ్యాపారాలు చేసే సౌదీ అరేబియాలో 2021 డిసెంబరులో తొలి దశ, 2023 జనవరిలో ప్రభుత్వ వేదికతో అనుసంధానమయ్యే రెండో దశ వచ్చాయి. ఐరోపా సమాఖ్య తన సభ్యదేశాల మధ్య నడిచే వ్యాపార బిల్లులకు 2030 జులైని గడువుగా పెట్టుకుంది. ఒక్కో దేశానిది ఒక్కో నమూనా కావడంతో ఐదారు దేశాలకు సేవలందించే హైదరాబాద్ కేంద్రాలు అన్నింటికీ విడివిడిగా సాఫ్ట్‌వేర్ కలపాల్సి వస్తోంది.

మన దేశంలో చిన్న సంస్థల భయాన్ని నేరుగా తాకే ఏర్పాటు ట్రెడ్స్. రిజర్వు బ్యాంకు అనుమతితో నడిచే ఈ వేదికల్లో, కొనుగోలుదారు ఒప్పుకున్న బిల్లును చూపి సరఫరాదారు బ్యాంకుల నుంచి ముందే డబ్బు తీసుకోవచ్చు. రూ.250 కోట్లు మించిన టర్నోవరున్న కంపెనీలు 2025 మార్చి 31లోగా వీటిలో చేరాలని కేంద్రం ఆదేశించింది. చేరడం ఒకటి, వచ్చిన బిల్లును వెంటనే ఒప్పుకోవడం ఇంకొకటి. రెండోదానికి గడువు విధిస్తే క్యాబ్ యజమాని ఐఆర్ఎన్ తీసుకోవడానికి నెలాఖరుదాకా ఆగనక్కర్లేదు.

ఇప్పటిదాకా ఈ-ఇన్వాయిస్ వ్యాపారుల మధ్య బిల్లులకే పరిమితం. సామాన్య వినియోగదారులకు ఇచ్చే బిల్లులను కూడా ఈ పద్ధతిలోకి తెచ్చే ప్రయోగాన్ని స్వచ్ఛందంగా చేపట్టాలని జీఎస్టీ మండలి 2024 సెప్టెంబరు 9 నాటి సమావేశంలో నిర్ణయించింది. అది విస్తరిస్తే నల్లగండ్లలో సూపర్ మార్కెట్ల బిల్లులు, టిఫిన్ సెంటర్ల బిల్లులు, సభ్యుడి నుంచి నెలకు రూ.7,500 మించి నిర్వహణ రుసుము తీసుకుని జీఎస్టీ కట్టే గేటెడ్ కమ్యూనిటీ సంఘాల రసీదులు కూడా ఇదే పోర్టల్ తలుపు తట్టాల్సి వస్తుంది. వాటిలో ఎక్కువ భాగం నిమిషాల్లో తెగే చిన్న మొత్తాలు, ఎవరి ఆమోదం కోసమూ ఆగవు. అక్కడ పరీక్ష వేరు: రద్దీ వేళ కౌంటర్ ముందు పది మంది నిలబడి ఉండగా పోర్టల్ ఎంత త్వరగా జవాబిస్తుంది, నెట్ పోతే బిల్లు ఏమవుతుంది అన్నవి.